గుట్టవీధి టెక్నికల్ యూజర్

గ్రూపులో అందరికీ నమస్కారం. ఈమధ్య నా గుడ్మార్నింగ్ పువ్వులు రావట్లేదని, నాకేదో అయ్యుంటుందని కొందరు అనుకున్నారంట. ఒకాయన తొందరపడి నా ఫొటోకి దండ కూడా వేసి పెట్టాడు. దాని కింద నలభై మంది చేతులు జోడించారు. బతికుండగా నా ఫొటోకి అన్ని లైకులు ఎప్పుడూ రాలేదు, అది వేరే సంగతి.

నేను బాగానే ఉన్నా. నా ఫోనే టెక్నికల్ అయింది. ఇది మా ఆవిడ రమణమ్మ ఫోన్లోంచి రాస్తున్నా. కూర దించేలోపు తిరిగి ఇచ్చెయ్యమంది, కాబట్టి సూటిగా చెప్తా.

కొత్తగా చేరినవాళ్ళకి నా సంగతి తెలవదు కదా. నా పేరు కోటిలింగం. మునిసిపాలిటీలో నీళ్ళ వాల్వులు తిప్పుతా. ఏ మునిసిపాలిటీ అని అడగొద్దు, ఇంకా సర్వీసుంది. పదో తరగతి దాకా వెళ్ళా, పదో తరగతే ముందుకు పోనివ్వలేదు.

మా పని ఎట్లా ఉంటుందంటే, టాంకు ఒకటే, వీధులు బోలెడు. ఒక వీధి వాల్వు తెరిస్తే ఇంకోటి మూయాలి. అన్నిటికన్నా కష్టం గుట్టవీధి. ఎత్తు మీద ఉంటుంది. కింద వీధులన్నీ మూస్తేగానీ నీళ్ళు అక్కడికి ఎక్కవు. మూడు రోజులకోసారి కాసేపు వస్తాయి. ఆ కాసేపట్లో బిందెలు, డ్రమ్ములు, తొట్లు నింపుకోవాలి. లేకపోతే మళ్ళీ మూడు రోజులు నన్ను తిట్టుకుంటా కూర్చోవాలి. ఇంకో మాట, ఆ గుట్టవీధి వాల్వు మా కన్నా పాతది. ఎంత బిగించినా పూర్తిగా మూసుకోదు, సగం నోరు తెరుచుకునే ఉంటుంది. కింద వీధుల్లో నీళ్ళు పారుతున్నంతసేపూ గుట్టెక్కవు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అందుకని నేనేం చేసేవాణ్ణంటే, వాల్వు తిప్పే ముందు గుట్టవీధి గ్రూపులో గొంతు మెసేజ్ పెట్టేవాణ్ణి. "అక్కలారా, చెల్లెళ్ళారా, వస్తున్నాయి, గొట్టాలు పట్టండి." అంతే. పొయ్యి మీద పాలున్నా వదిలేసి పరిగెత్తేవాళ్ళు.

ఆ వీధిలో అందరికన్నా పైన ఇల్లు దానమ్మక్కది. వాళ్ళబ్బాయి అబ్రహాముకి పెళ్ళి కుదిరింది. ఆదివారం చర్చిలో పెళ్ళి, ఇంటి ముందు పందిట్లో భోజనాలు. వంటకి, తాగడానికి, కడగడానికి అన్నిటికీ నీళ్ళు శనివారమే పట్టుకోవాలి. ట్యాంకరు ఆ సందులోకి దూరదు. నెల ముందే నాకు చెప్పింది.

"లింగం, శనివారం మాత్రం నన్ను మోసం చెయ్యబాక. ఊరంతా వస్తారు. చేతులు కడుక్కోడానికి నీళ్ళు లేకపోతే పెళ్ళికూతురు వాళ్ళు ఏమనుకుంటారు?"

"నా మాట మీద ఉండక్కా" అన్నా. అప్పుడు నా ఫోన్ మామూలు ఫోనే.

ఆ తర్వాత మీటింగ్ పెట్టారు. కౌన్సిల్ హాల్లో కుర్చీలేసి, ఒక్కొక్కరికి సమోసా ఇచ్చారు. సమోసా ఇచ్చారంటేనే నాకు అనుమానం వచ్చింది. పైనుంచి నోడల్ ఆఫీసర్ వచ్చాడు, పరిమళ్ గారని. విడిగా మాట్లాడితే మంచి మనిషి. మైకు ఇస్తే వేరే మనిషి.

"మిత్రులారా, ఈ రోజుతో మన శాఖలో పరాయి ఆపరేటింగ్ సిస్టంలకి స్వస్తి. మనదైన 'స్వయంభూ' అవతరించింది. దీన్ని మీ మీద ఎవరూ రుద్దడం లేదు. మీరంతా స్వచ్ఛందంగా మారుతున్నారు. స్వచ్ఛందంగా మారడానికి ఆఖరు గడువు ఈ సాయంత్రం ఐదు గంటలు."

వెనక నుంచి శానిటరీ మేస్త్రీ యోహాను చెయ్యెత్తాడు. "సర్, మారకపోతే?"

"మారకుండా ఉండే స్వేచ్ఛ మీకు సంపూర్ణంగా ఉంది. జీతం విషయంలో శాఖకి కూడా అంతే స్వేచ్ఛ ఉంటుంది."

అందరం చప్పట్లు కొట్టాం. నేను కొంచెం గట్టిగానే కొట్టా. కొత్తదంటే నాకు ఇష్టం, దాచుకోడానికేముంది.

పక్కన కూర్చున్న నజ్మాని అడిగా. మా ఆఫీసు కంప్యూటర్ ఆపరేటర్, బీటెక్ చదివింది. ఆఫీసులో ఏ మిషను మొండికేసినా ఆమెనే పిలుస్తారు.

"ఆపరేటింగ్ సిస్టం అంటే ఏందమ్మా?"

"ఫోన్‌కి ప్రాణం లాంటిది బాబాయ్. ఉన్న ప్రాణం తీసి ఇంకోటి పెడతారు."

"తీసినాక, పెట్టే లోపల?"

"ఆ మధ్యలో దేవుడే."

పరిమళ్ గారు ఇంకా చెప్తున్నాడు. స్వయంభూలో రెండు రకాలంట. సాధారణ యూజర్‌కి ఒకటి, టెక్నికల్ యూజర్‌కి ఒకటి. ఎవరు ఏ రకమో పోస్టుని బట్టి శాఖే తేల్చింది. పేరు పిలిచారు. టెక్నికల్ అసిస్టెంట్ గ్రేడ్ త్రీ, వాల్వుల విభాగం, కోటిలింగం. టెక్నికల్. వీధిదీపాలు వేసే బుల్లియ్య, టెక్నికల్. రోడ్డు రోలరు తోలే ముత్యాలు, టెక్నికల్. నజ్మా పోస్టు గుమాస్తాల లెక్కలో ఉందంట, కాబట్టి సాధారణం. కమిషనర్ గారు, పరిమళ్ గారు పరిపాలన వర్గం, వాళ్ళూ సాధారణమే.

నజ్మా లేచింది. "సర్, నేను ఇదే చదువుకున్నాను సర్."

"చదువు వ్యక్తిగత విషయమమ్మా" అన్నాడు పరిమళ్ గారు. "వర్గీకరణ శాఖాపరమైన విషయం. రెంటినీ కలిపితే పరిపాలన కుప్పకూలుతుంది."

పాత ఫోన్లన్నీ బియ్యం బస్తాలో వేయించి, బస్తా మూతికి లక్క సీలు కొట్టి స్టోర్ రూములో పెట్టారు. బస్తా మోసుకుపోతుంటే అందులో ఎవరి ఫోనో మోగింది. పెళ్ళిపాట. ఎత్తేవాళ్ళు లేక అదే ఆగిపోయింది.

కొత్త ఫోన్ చేతికొచ్చింది. బాగా బరువుంది. ఆన్ చేస్తే తెర నల్లగా వచ్చి, మూలన తెల్ల గీత ఒకటి కొట్టుకుంటా ఉంది. కాసేపు చూశా. ఇంకా కొట్టుకుంటానే ఉంది.

"సర్, ఇందులో ఫోన్ ఎక్కడుంది?" అని అడిగా.

పరిమళ్ గారు నా భుజం మీద చెయ్యేశాడు. "లింగం గారూ, మీరు టెక్నికల్ యూజర్. మీకు ఫోన్ రెడీమేడ్‌గా ఇవ్వడమంటే మిమ్మల్ని అవమానించడమే. మీకు ఎలాంటి ఫోన్ కావాలో మీరే రాసుకుంటారు. గంట, అంకెలు, అవతలివాళ్ళ గొంతు, అన్నీ మీ ఇష్టం."

ఒక ఆఫీసర్ నన్ను 'గారూ' అనడం అదే మొదలు. ఆ ఊపులో ఇంకేం అడగలేకపోయా.

నజ్మాకి ఇచ్చిన ఫోన్ చూశా. తెర మీద రెండే రెండు బొత్తాలు. ఒకటి పచ్చది, దాంతో ఫోన్ మాట్లాడొచ్చు, అది కూడా ఆఫీసు నంబర్లకే. రెండోది పసుపుది, దాని మీద 'సంతృప్తి' అని రాసుంది.

"నచ్చకపోతే ఏది నొక్కాలి సర్?" అంది నజ్మా.

"అసంతృప్తి చాలా సంక్లిష్టమైన అంశమమ్మా. దాన్ని టెక్నికల్ యూజర్లకే కేటాయించాం. ఫిర్యాదు ఏదైనా సరే, టెక్నికల్ ఫోన్లోంచే రావాలి."

అట్లా ఊరి అసంతృప్తి మొత్తం నాకూ, బుల్లియ్యకీ, రోడ్డు రోలరు ముత్యాలుకీ అప్పజెప్పి పరిమళ్ గారు గెస్ట్ హౌసుకి పోయాడు. అమలు పూర్తయ్యేదాకా ఇక్కడే ఉంటాడంట. గెస్ట్ హౌసు మా టాంకు పక్కనే. ఆయన బాత్రూం కిటికీ నా షెడ్డు వైపుకే ఉంటుంది.

మొదటి గుట్టవీధి వంతు వచ్చింది. నా ఫోన్లో ఇంకా గీతే కొట్టుకుంటోంది. సరేలే అని రమణమ్మ ఫోన్లోంచి గ్రూపులో చెప్పించా. నీళ్ళు వదిలా, అందరూ పట్టుకున్నారు. మర్నాడు కమిషనర్ గారు పిలిచారు.

"లింగం, నిన్న గుట్టవీధికి పరాయి సిస్టం ద్వారా సమాచారం పోయిందని తెలిసింది."

"మా ఆవిడ చెప్పింది సర్."

"ఆవిడ సిస్టం పరాయిది. అందువల్ల నిన్న వెళ్ళిన నీళ్ళు అనధికార నీళ్ళు. రికార్డు ప్రకారం ఆ నీళ్ళు వెళ్ళలేదు."

"బిందెలు నిండినాయి సర్."

"రికార్డు ప్రకారం నిండలేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇకమీదట ఏ వాల్వు తెరవాలన్నా ముందు నీ ఫోన్ నుంచి నాకు కన్ఫర్మేషన్ రావాలి. రాకుండా తెరిస్తే సస్పెన్షన్."

"ఆ కన్ఫర్మేషన్ నేనే తయారుచేసుకోవాలి కదా సర్. నాకు రాదు."

"టెక్నికల్ యూజర్‌కి రాకపోవడం అనేది ఉండదు."

ఆయన ఆ మాట అనే టైముకి మెయిన్ రోడ్డు, ఆఫీసర్ల క్వార్టర్లు, గెస్ట్ హౌసు వాల్వులు తెరిచున్నాయి. అవి తెరిచినట్టే, మిగతావన్నీ మూసినట్టే ఉండిపోయాయి. ఆ వీధుల్లో రాత్రీ పగలూ నీళ్ళే. కుళాయి కట్టెయ్యడం కూడా మానేశారు. గెస్ట్ హౌసు లాన్‌లో కప్పలు చేరాయి. కమిషనర్ గారు 'నిరంతర నీటి సరఫరా సాధించిన పట్టణం' అని బ్యానర్ కట్టించారు. ఆ బ్యానర్ గుట్టవీధి మొదట్లో కట్టారు, ఎందుకంటే అక్కడ గాలి బాగా వస్తుంది.

గుట్టవీధికి ఒక వంతు పోయింది. రెండోది కూడా పోయింది. దానమ్మక్క ఖాళీ బిందె చంకనేసుకుని నా షెడ్డుకి వచ్చింది. నేను తెల్ల గీతని చూస్తా కూర్చున్నా.

"ఏంది లింగం, పెద్ద ఉద్యోగమొచ్చిందంట."

"ఉద్యోగం అదేనక్కా, ఫోనే మారింది."

"ఆఫీసుకెళ్ళి అరిచొచ్చా. కంప్లైంటు టెక్నికల్ ఫోన్లోంచి ఇయ్యాలన్నారు. ఎవరి దగ్గరుంది అంటే నీ పేరు చెప్పారు. రాయి."

"ఎవరి మీదక్కా?"

"నీళ్ళు వదలనోడి మీద."

"అది నేనే కదా."

"అందుకే, పేరు తప్పు పోదు. రాయి. గుట్టవీధిని నీళ్ళు లేకుండా ఎండగడుతున్న కోటిలింగం అనే పనికిమాలినోడు అని మొదలుపెట్టు."

రాద్దామనే చూశా. పనికిమాలిన అని సగం కొట్టేసరికి, ఇట్లాంటి ఆదేశం లేదు అని వచ్చింది. ఆమె ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా అబ్రహాం బలపంతో రాసిన పలక ఇంతకన్నా నయం" అని బిందె ఎత్తుకుంది. పోతా పోతా ఆగింది. "లింగం, నిన్ను తిట్టడానికి రాలేదు. శనివారం నీళ్ళు రాకపోతే నాకు తలెత్తుకునే దారి లేదు. అది గుర్తుపెట్టుకో."

ఆమె తిట్టినప్పుడు నాకేం అనిపించలేదు. ఆ మాటతో మాత్రం అన్నం సయించలేదు.

నజ్మా దగ్గరికి పోయా. "అమ్మా, నువ్వు రాసిపెట్టు" అన్నా. కానీ ఆ ఫోన్‌కి ఒక పద్ధతుంది. వెనకాల చిన్న అద్దం ఉంటుంది. దాని మీద టెక్నికల్ యూజర్ బొటనవేలు ఉన్నంతసేపే పని చేస్తుంది. తీస్తే ఆగిపోతుంది. కాబట్టి భోజనం టైములో షెడ్డు మెట్ల మీద కూర్చుని నేను వెనక వేలు నొక్కి పట్టుకునేవాణ్ణి, ఆమె ముందు నుంచి కొట్టేది. దోమ కుట్టినా వేలు కదపనివ్వలేదు.

"కదలొద్దు బాబాయ్, గంట మోగేది రాస్తున్నా."

"నా వేలు తిమ్మిరెక్కిందమ్మా."

"వేలు తిమ్మిరెక్కినా పర్లేదు, మీరు నిద్రపోవద్దు."

శుక్రవారానికి ఫోన్ మోగింది. గొంతు కూడా వచ్చింది. కమిషనర్ గారికి కన్ఫర్మేషన్ పోయే ముక్క కూడా రాసేసింది. నాకు ఆ పిల్ల కాళ్ళు మొక్కాలనిపించింది. కానీ రోడ్డు మీద పోతా ఎవరో చూసి ఆఫీసులో చెప్పారు. ఇద్దర్నీ పిలిచారు. కమిషనర్ గారు, పక్కన పరిమళ్ గారు.

"లింగం, డ్యూటీలో ఉన్నప్పుడు నీ బొటనవేలు ఎవరిది?"

వేలు ఓసారి తిప్పి చూసుకున్నా. "నాదే అనుకున్నా సర్."

"శాఖది. శాఖ వేలుని నువ్వు గుమాస్తా వర్గానికి వాడుకోనిచ్చావు."

"పని అయింది కదా సర్, చూడండి, మోగుతోంది."

పరిమళ్ గారు ఫోన్ చూడకుండానే తల అడ్డంగా ఊపాడు. "రాసింది నాన్ టెక్నికల్ వ్యక్తి. కాబట్టి సూత్రప్రాయంగా అది పని చెయ్యదు. పని చేస్తున్నట్టు కనబడుతోంది, అంతే."

"మరి నేను వేలు నొక్కుతా, ఆయన రాస్తే సూత్రప్రాయంగా పని చేస్తుందా సర్?" అంది నజ్మా. ఆమెకి అక్కడికక్కడే మెమో ఇచ్చారు.

నేను ఇంకొక్క సంగతి అడిగా. నిజంగా తెలుసుకుందామనే అడిగా. "సర్, మెయిన్ రోడ్డులో నీళ్ళు కాలవలు కడుతున్నాయి. గెస్ట్ హౌసులో కప్పలు చేరాయి. ఆ వాల్వులు మూయాలంటే కూడా కన్ఫర్మేషన్ కావాలా?"

కమిషనర్ గారు నవ్వారు. "లింగం, నిబంధన సేవలకి. వాల్వు తెరవడం సేవ. మూయడం సేవ కాదు. సేవ చెయ్యకపోవడానికి అనుమతి ఎందుకయ్యా? ఇన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడైనా ఎవరైనా అడిగారా?"

"లేదు సర్" అన్నా.

ఆ సాయంత్రం స్వయంభూకి అప్‌డేట్ వచ్చింది. నజ్మా రాసిందంతా తుడుచుకుపోయి మళ్ళీ నల్ల తెర, మళ్ళీ తెల్ల గీత. ఈసారి గీత ఇంకొంచెం తొందరగా కొట్టుకుంటోంది. అదే మెరుగుదలంట.

నేను గుట్టెక్కి దానమ్మక్క ఇంటికి పోయా. పందిరి వేస్తున్నారు. దానమ్మక్క ఖాళీ డ్రమ్ములు వరసగా పెడతా, నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"అక్కా, ఫోన్‌తో పని లేదు. రేపు పొద్దున టాంకు వైపు చూస్తా ఉండు. మెట్ల మీద నా ఎర్ర తువ్వాలు కనబడితే గొట్టాలు పట్టమని వీధంతా చెప్పు."

"కనబడకపోతే?"

"కనబడుద్ది."

శనివారం పొద్దున్నే వాల్వుల దగ్గరికి పోయా. ఏదీ తెరవలేదు, దేవుడి మీద ఒట్టు. మెయిన్ రోడ్డు మూశా. క్వార్టర్లు మూశా. గెస్ట్ హౌసు మూశా. నిబంధన ప్రకారం ఎవరికీ ఏ సేవా చెయ్యలేదు. తర్వాత టాంకు మెట్లెక్కి తువ్వాలు కట్టి కిందకొచ్చి కూర్చున్నా. నీళ్ళకి పోయే దారి ఒక్కటే మిగిలింది, ఆ సగం నోరు తెరుచుకున్న పాత వాల్వు. కాసేపటికి గుట్ట మీద నుంచి కేకలు వినబడ్డాయి. నీళ్ళొస్తే ఆడవాళ్ళు కేకేసే తీరు వేరు, నాకు తెలుసు. వాల్వు సగమే కాబట్టి ధార సన్నం. కానీ మూసేవాడు లేడు కాబట్టి ఆగకుండా వస్తోంది.

అప్పుడే గెస్ట్ హౌసు బాత్రూం కిటికీ తెరుచుకుంది. పరిమళ్ గారి తల. మొత్తం సబ్బు నురగ. ఒక కన్ను తెరవలేకపోతున్నాడు.

"ఎవరయ్యా అక్కడ? నీళ్ళేవి?"

"నేనే సర్, లింగం. ఆగినట్టున్నాయి సర్."

"వదలవయ్యా."

"తెరవాలంటే కన్ఫర్మేషన్ పోవాలి సర్. నా ఫోన్ అప్‌డేట్‌లో ఉంది."

"అయితే కంప్లైంటు రాసుకో. కళ్ళు మండుతున్నాయి."

"అదీ నా ఫోన్లోంచే పోవాలి సర్."

కిటికీలో తల మాయమైంది. ఫోన్ పట్టుకుని మళ్ళీ వచ్చింది. పచ్చ బొత్తాం నొక్కి కమిషనర్ గారికి చేశాడు. వాళ్ళ క్వార్టర్లలో కూడా నీళ్ళు లేవు కదా, ఆయన ఏ స్థితిలో ఉన్నారో, ఎత్తలేదు. ఇక మిగిలింది పసుపు బొత్తాం ఒక్కటే. కోపంలో మనిషికి ఏదో ఒకటి నొక్కాలనిపిస్తుంది. నొక్కాడు. 'మీ సంతృప్తికి ధన్యవాదాలు' అని ఆడగొంతు పలికింది. ఆయనకి ఇంకా కోపమొచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ధన్యవాదాలు. కిటికీలోంచి చాలాసేపు ధన్యవాదాలు వినబడ్డాయి.

చివరికి గొంతు నీరసపడింది. "లింగం గారూ, కనీసం మొహం తుడుచుకుంటా. ఆ పైనున్న తువ్వాలన్నా ఇవ్వండి."

"ఇవ్వలేను సర్" అన్నా. "అది డ్యూటీలో ఉంది."

గుట్ట మీద ఆఖరి డ్రమ్ము నిండాక దానమ్మక్క డాబా ఎక్కి తన పైట కొంగు ఊపింది. అప్పుడు తువ్వాలు దించా. వాల్వులు ఎవరు తెరవాలో, దానికి కన్ఫర్మేషన్ ఎట్లా రావాలో ఆఫీసర్లు చూసుకుంటారని ఇంటికి పోయా. మధ్యాహ్నానికి ఫోన్ నిబంధనని 'తాత్కాలికంగా సరళీకరించి' నోటి మాటతో తెరిపించారు. నాకు ఆ మాట బాగా నచ్చింది. నోటి మాట.

ఆదివారం పెళ్ళి భోజనాలకి కమిషనర్ గారితో పాటు పరిమళ్ గారూ వచ్చాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నా పక్కనే కూర్చున్నాడు. మాంసం కూర రెండోసారి వేయించుకున్నాక చెప్పాడు, ఒకే పొద్దున ఒకే గెస్ట్ హౌసు నుంచి అన్ని సంతృప్తులు ఏ ఊరి నుంచీ రాలేదంట. మా మునిసిపాలిటీ మొదటి స్థానం. పైవాళ్ళు సంతోషించి, ఇంత చక్కగా అమలు చేసినందుకు ఆయన్నే పై వర్గంలోకి మార్చారంట.

జేబులోంచి కొత్త ఫోన్ తీసి ఆకు పక్కన పెట్టాడు. నల్ల తెర. మూలన తెల్ల గీత కొట్టుకుంటోంది.

"మా ఇంటికి ఫోన్ చెయ్యాలి లింగం గారూ" అన్నాడు మెల్లగా. "స్వయంభూ వచ్చినప్పటి నుంచి మాట్లాడలేదు."

"రేపు భోజనం టైముకి నజ్మాని అడుగుదాం సర్. వేలు మాత్రం గట్టిగా పట్టుకోవాలి. ఆ మెమో సంగతి కూడా మీరే మాట్లాడండి."

దానమ్మక్క చెంబుతో వచ్చింది. "ఫోన్ తర్వాత చూసుకుందువుగాని, లెయ్యి బాబూ, చెయ్యి పట్టు" అని ఆయన చేతుల మీద ధారగా పోసింది. నీళ్ళు బాగా ఉన్నాయి కాబట్టి ఇంకో చెంబు కూడా పోసింది. ఆయన తడి చేతులతో తుడుచుకోడానికేమన్నా ఉందా అని అటూ ఇటూ చూశాడు.

నా భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి ఇచ్చా. ఆదివారం దానికి డ్యూటీ లేదు.